యుద్ధమృతులును ఎన్నికలును

ఎన్నికల దినములలో మిడుతూరు వంటి గ్రామములందు పెద్దలు రచ్చబండకడ గూర్చుండి అభ్యర్థుల మాటలు వినుట వాడుక. అభ్యర్థి యుద్ధమును గూర్చి పలికినప్పుడు ఎవరి చావును తలచెను, ఎవరి చావును విడిచెను అని యడుగవచ్చును. 1946 నాటి ఎన్నికల నట్లు పరిశీలింతము.

1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు ప్రజాప్రతినిధుల నొక్కమాటయైన నడుగక హిందూదేశమును యుద్ధమున దింపెను. అందులకు నిరసనగా మద్రాసులో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము అక్టోబరులో రాజీనామా యిచ్చెను. నాడు మన కర్నూలు సీమయు మద్రాసు రాజధానిలోనిదే. అటుపిమ్మట ఆరేండ్లకు పైగా మనకు ఎన్నుకొన్న మంత్రులు లేరు. యుద్ధపు వెల మాత్రము తప్పలేదు. దేశమున సైన్యమందు చేరినవారు సుమారు 25 లక్షలు. మరలి రానివారు దాదాపు 87 వేలు.

సైనికులు కానివారి మాట వేరు. బర్మా రేవులందును, బియ్యపు మరలందును కూలిచేసి బ్రతికిన తెలుగువారు వేలకు వేలు. అక్కడివారు వారిని కొరంగీలనిరి. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడెను. ఓడలలో చోటు దొరకనివారు పిల్లల నెత్తుకొని అరకాను, అస్సాము కొండదారులను కాలినడకను పట్టిరి. కలరా, చలిజ్వరము, ఆకలి వారిని వెన్నాడెను. దారిలో ఎందరు రాలిరో సరియైన లెక్క నెవ్వరును వ్రాసి యుంచలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు పడెను.

1945 చివరను కేంద్రసభకును, 1946లో రాష్ట్రసభలకును ఎన్నికలు జరిగెను. అప్పుడు వేదికలపై మారుమ్రోగినది ఆజాద్ హింద్ ఫౌజు పేరు. ఎఱ్ఱకోటలో షానవాజ్, సెహగల్, ధిల్లాన్‌లపై విచారణ నడచుచుండెను. 1946 జనవరిలో వారి శిక్ష రద్దయ్యెను. ఆ గెలుపు చిన్నది కాదు. వక్తలలో పెక్కురు చెరసాలలనుండి వచ్చినవారే; వారిని నిష్ఠురమాడుట నాకిష్టము లేదు. కాని బర్మాబాటలో పడినవారికి వీరుల పేరు లేదు, వారి పక్షమున వాదించు వకీలును లేడు.

ఓటరు పట్టీని చూచిన కారణము కొంత తెలియును. 1935 చట్టము క్రింద ఓటు గలవారు జనాభాలో ఏడవపాలు మాత్రమే. ఆస్తి, పన్ను, చదువు దానికి కొలతలు. మరియొక నిబంధన కలదు: పింఛను పొందు సైనికుని వితంతువునకును, తల్లికిని ఓటు కలదు. సర్కారు లెక్కకెక్కిన చావు ఇంటికి ఓటు తెచ్చెను. కొండదారిలో మగనిని పాతిపెట్టి వచ్చిన కూలిదానికి పింఛనూ లేదు, పట్టీలో పేరూ లేదు. ఓటు లేని గుమ్మము త్రొక్కు అభ్యర్థి అరుదు గదా!

1951–52లో ఇరువదియొక్క యేండ్లు నిండిన వారందరకు ఓటు వచ్చెను. బర్మాబాట నడచి అప్పటికి పదియేండ్లు. ఆమె గుడిసె ముందునకు అభ్యర్థి రావలసి వచ్చినది అప్పుడే.