బొగ్గు బస్సుల కాలము

మన తాతల తరమువారు ప్రయాణముల ముచ్చట చెప్పునప్పుడు బొగ్గు బస్సు మాట తప్పక వచ్చుచుండెడిది. బండి వెనుక నిలువెత్తు ఇనుప పీపా, అందులో నిప్పు. క్లీనరు కుర్రవాడు చెమటలు గ్రక్కుచు గాలిపంకా త్రిప్పిన గాని బండి కదలదు. మిట్ట వచ్చినచో ప్రయాణికులు దిగి త్రోయవలసినదే. ఈ కథలు వినునప్పుడు మేమును నవ్వుకొంటిమి. కాని ఆ పీపా వెనుక ఒక ప్రభుత్వపు తత్తరపాటును, ఒక తరము పడిన ఇబ్బందియు దాగియున్నవి. ఆ చరిత్రనే నేడు శ్రోతలకు విన్నవింపదలచితిమి.

రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము మన పల్లెలలో సాయంకాలము వెలుగు దీపమునకు బర్మాతో సంబంధముండెను. ఐరావతీ తీరమున యెనాన్‌జాంగ్ నూనె బావులు, రంగూను చేరువను సిరియం శుద్ధి కర్మాగారము ఉండెడివి. అచటి కిరసనాయిలును, పెట్రోలును ఓడలపై బంగాళాఖాతము దాటి మన రేవులకు చేరుచుండెను. కూలికై రంగూను పోయి వచ్చిన తెలుగువారెందరో కలరు. అయినను తమ ఇంటి బుడ్డి దీపము సైతము ఆ సముద్రమార్గముపైననే ఆధారపడియున్నదని ఆనాడు తలచినవారు అరుదు.

1939 సెప్టెంబరులో యుద్ధము వచ్చెను. అక్టోబరులో రాజాజీ మంత్రివర్గము రాజీనామా నిచ్చుటతో మద్రాసు రాష్ట్రపాలన గవర్నరు చేతికి పోయెను. 1941లో దేశమంతట పెట్రోలు రేషను ప్రారంభమైనది. ఆజ్ఞ భారత ప్రభుత్వముది, అమలు రాష్ట్రములది. కూపను లేనిదే పెట్రోలు లేదు. ఎవరి ప్రయాణము అవసరము, ఎవరిది విలాసము అని తూచవలసిన భారము రాష్ట్రాధికారులపై పడెను.

పంచుకొనుటతోనే సరిపోదు గనుక బదులు వస్తువు వెదుకవలసి వచ్చెను. కట్టెబొగ్గును చాలినంత గాలి అందనీయక కాల్చినచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానిని చల్లార్చి, మసి వడగట్టి, ఇంజనులోనికి పంపినచో బండి నడచును. అయితే పెట్రోలుతో వచ్చు బలములో సుమారు మూడవవంతు తగ్గిపోవును. వాయువు విషము. గొట్టములను తరచు శుభ్రము చేయవలెను. బొగ్గుకొరకు చెట్లు కూలవలెను. ఇన్ని లోపములున్నను బస్సులు పూర్తిగా నిలిచిపోకుండ కాపాడినది ఆ పీపాయే.

పిమ్మట 1942 వచ్చినది. మార్చి 8న రంగూను జపానువారి వశమయ్యెను. శత్రువునకు దక్కరాదని ఆంగ్లేయులు సిరియం కర్మాగారమును, ఏప్రిలు నడుమ యెనాన్‌జాంగ్ బావులను తామే ధ్వంసము చేసిరి. ఏప్రిలు 6న విశాఖపట్నముపైనను, కాకినాడపైనను బాంబులు పడెను. ఆ కొద్ది దినములలోనే బంగాళాఖాతమున ఇరువదికి పైగా వర్తకపు ఓడలు మునిగెను. కలకత్తానుండి సముద్రముపై మద్రాసునకు వచ్చెడి రాతిబొగ్గుకు సైతము త్రోవ చెడి, భారమంతయు రైళ్లపై పడెను. మద్రాసు ప్రజలు ఊరు విడిచిరి. ప్రభుత్వ కార్యాలయములు లోపలి పట్టణములకు తరలెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము వాల్తేరు వదలి గుంటూరు చేరెను.

ఇచట ఒక సంగతి గమనింపదగినది. పెట్రోలు కొరత కారు గలవానికి తెలియును, బస్సెక్కువానికి తెలియును. కిరసనాయిలు కొరత మాత్రము పొద్దు గ్రుంకగనే ఇంటింటికిని తెలియును. పెట్రోలునకు బదులుగా బొగ్గు వాయువు వచ్చినది. కిరసనాయిలునకు నియంత్రణలు వచ్చినవే గాని బదులు రాలేదు. అటకమీది ఆముదపు ప్రమిదలను దింపుకొని ప్రజలే తమ దారి తాము చూచుకొనిరి. పరీక్షకు చదువుకొను పిల్లవాని దీపము లారీతో సమానముగా అవసరమని లెక్కకు వచ్చినట్లు మాకు తోచదు.

ఇంధనపు కరవునకు సిద్ధపడుట యన మూడు పనులు: ముందే నిలువ చేయుట, న్యాయముగా పంచుట, బదులు చూచుకొనుట. మద్రాసు ప్రభుత్వము కడపటి రెంటిని తొందరలో, కష్టముమీద నేర్చుకొనెను. మొదటిది దాని చేతిలో లేదు. నూనె పరదేశముది, వ్యాపారము కంపెనీలది, సముద్రము యుద్ధముది.

బాంబులు పడిన ఆ విశాఖపట్నముననే పదునైదేండ్లకు, 1957లో, కాల్టెక్సు చమురుశుద్ధి కర్మాగారము నెలకొనెను. నేడది హిందుస్థాన్ పెట్రోలియం వారిది. శుద్ధి చేయుట వేరు, నిలువయుంచుట వేరు అను సంగతిని 1973నాటి పశ్చిమాసియా యుద్ధము మరల గుర్తు చేసెను. తుదకు 2015లో ఆ విశాఖలోనే కొండరాతిని తొలిచి, 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టు గుహలను వాడుకలోనికి తెచ్చిరి. 1942లో లోపించిన ఆ మొదటి పనికి ఇది ఆలస్యముగా వచ్చిన సమాధానము.

అయినను మన దేశము వాడు ముడిచమురులో ఐదింట నాలుగు వంతులకు పైగా నేటికిని ఓడలపై విదేశములనుండి వచ్చుచున్నది. గుహలోని చమురు కొంతకాలము గడుపును. ఆ కాలములో ఎవరి దీపము ముందు వెలుగవలెనో నిర్ణయించునది గుహ కాదు, మనము. ఆ నిర్ణయమును బాంబులు పడిన మరునాటికి వాయిదా వేయరాదనుటయే బొగ్గు బస్సు మనకు చెప్పు మాట.