రుణగ్రస్తుడి మరణానంతరం డిక్రీ అమలు

బాకీ చెల్లించమని కోర్టు ఇచ్చిన డిక్రీ, బాకీదారు చనిపోయినంత మాత్రాన చెల్లకుండా పోదు. అతని ఆస్తి ఎవరి చేతికి వచ్చిందో వారి మీద, ఆ ఆస్తి మేరకు అమలవుతుంది. భారతదేశంలో న్యాయం ఇక్కడికి చేరడానికి చాలా కాలం పట్టింది.

ధర్మశాస్త్రాలు అప్పును పరలోకంతో ముడిపెట్టాయి. తండ్రి బాకీని కొడుకు వడ్డీతో సహా, తాత బాకీని మనవడు అసలు వరకు తీర్చాలని బృహస్పతి విధించాడు. జూదానికీ తాగుడికీ చేసిన అప్పులకు మాత్రం కొడుకును బాధ్యుణ్ణి చేయలేదు. తండ్రి చిల్లిగవ్వ మిగల్చకపోయినా కొడుకు అప్పు తీర్చాలన్న నియమం బొంబాయి ప్రెసిడెన్సీలో కోర్టుల దాకా వచ్చింది. ఈ అన్యాయాన్ని అక్కడ 1866 నాటి చట్టం తొలగించి, వారసుల బాధ్యతను సంక్రమించిన ఆస్తికి పరిమితం చేసింది.

1859 సివిల్ ప్రొసీజర్ కోడ్ మృతుడి ప్రతినిధిపై డిక్రీ అమలుకు దారి చూపింది. పిత్రార్జితంలో కొడుకుల వాటా కూడా తండ్రి అప్పులకు బాధ్యమేనని 1874లో గిరిధారీలాల్ కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ఉమ్మడి కుటుంబాలను ఎక్కువగా కదిలించిన తీర్పు ఇదే.

ఇప్పుడు అమల్లో ఉన్నది 1908 కోడ్. దాని 50వ సెక్షన్ కింద డిక్రీదారు ఎగ్జిక్యూషన్ పిటిషన్ (ఈపీ) వేసి వారసులను చేరుస్తాడు. వారికి నోటీసు తప్పనిసరి. మృతుడు వదిలిన ఎకరా పొలాన్ని కొడుకు అమ్ముకుని సొమ్ము సొంతానికి వాడుకున్నాడనుకుందాం. కోర్టు లెక్కలు అడుగుతుంది. అంత్యక్రియలకో, మృతుడి ఇతర బాకీలకో సక్రమంగా ఖర్చయినంత మేరకు అతనికి బాధ్యత ఉండదు, మిగతాదానికి ఉంటుంది. వారసుడి సొంత కష్టార్జితం జోలికి ముందుగానే వెళ్లకుండా ఆపే ఈ లెక్కే కోడ్‌లోని అత్యంత న్యాయమైన భాగం.

తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధార్మిక బాధ్యత అన్న ఒక్క కారణంతో అతనిపై చర్య తీసుకునే హక్కును 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం రద్దు చేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 9కి ముందు చేసిన అప్పులకు మాత్రం పాత నియమమే వర్తిస్తుంది. డబ్బు చెల్లింపు డిక్రీ అమలుకు గడువు 12 ఏళ్లు. బాకీదారు మరణం ఆ గడువును పొడిగించదు.