చీనా ప్రాణవిద్యయు శాస్త్రపరీక్షయు

ప్రాచీనమైనదెల్ల శాస్త్రమే యని తలఁచువారు కొందఱు. ప్రాచీనమైనదెల్ల మూఢవిశ్వాసమే యని త్రోసివేయువారు మఱికొందఱు. ఈ యిరుతెగలవారును పరీక్షించు శ్రమను తప్పించుకొనువారే. ఇంట నొకరు మంచము పట్టినపుడు ఈ సోమరితనము ప్రాణాపాయకరము కావచ్చును. కావున చీనాదేశమున రెండువేల యేండ్లకు పైగా సాగుచున్న యొక చికిత్సా సంప్రదాయపు చరిత్రను పాఠకుల యెదుట నుంచుచున్నాము. పరదేశపు విషయమున మనకు అభిమానము తక్కువ గనుక, న్యాయముగా విచారించుట సులభము.

ఈ విద్యకు మూలము ‘చీ’ యను భావము. ఆవిరి, గాలి, ఊపిరి అను నర్థములు గల యీ పదము, శరీరమునందును ప్రకృతియందును ప్రసరించు సూక్ష్మశక్తికి పేరయ్యెను. అది చక్కగా ప్రవహించిన ఆరోగ్యము, అడ్డుపడిన రోగము. ఇది మన ‘ప్రాణ’మే యని తొందరపడి చెప్పరాదు. 647వ సంవత్సరమున లావోత్సు గ్రంథమును సంస్కృతీకరింపవలసివచ్చినపుడు, ఆంధ్రదేశమును గూడ దర్శించి మరలిన హ్యూయన్‌త్సాంగు ‘దావో’ యను పదమును ‘మార్గ’ మనియే చెప్పవలెనని పట్టుపట్టెను. దావో పండితులు ‘బోధి’ యను పదమును కోరిరి. పోలిక యున్నంతమాత్రమున రెండు పదములు ఒకటి కావని ఆ మహాపండితుఁ డెఱుఁగును.

1973లో చాంగ్షా నగరముచెంత మావాంగ్‌దుయీ యను చోట, క్రీ. పూ. 168లో మూయఁబడిన సమాధిని త్రవ్వఁగా, పట్టుగుడ్డపై లిఖించిన పటమొకటి దొరకెను. అందు స్త్రీలు, పురుషులు, వృద్ధులు, యువకులు, మొత్తము 44 మంది చేతులు చాఁచియు నడుము వంచియు వ్యాయామము చేయుచున్నారు. కొన్ని బొమ్మలచెంత రోగము పేరును, కొన్నిటిచెంత జంతువు పేరును గలవు. తరువాత హువా తువో యను వైద్యుఁడు పులి, లేడి, ఎలుఁగు, కోఁతి, పక్షి యను నైదింటి చేష్టల ననుసరించి వ్యాయామము నేర్పెనని చరిత్రకారులు వ్రాసిరి. దావో మతము సంఘముగా నేర్పడుటకు ముందే పుట్టిన యీ అభ్యాసములను ఆ మతస్థులు స్వీకరించి పెంపొందించిరి.

నాల్గవ శతాబ్దివాఁడగు గే హుంగ్ అను దావో పండితునియందు ఈ సంప్రదాయపు గుణదోషములు రెండును గానవచ్చును. పాదరసము, ఇంగిలీకము, బంగారము మున్నగువానిని పాకము చేసి అమరత్వము బడయవచ్చునని యాతఁడు నమ్మెను. అట్టి పాకములను సేవించి తాంగ్ వంశపు చక్రవర్తులు కొందఱు ప్రాణములు గోల్పోయిరి. 846లో మరణించిన వూత్సుంగ్ వారిలో నొకఁడు. ఆ గే హుంగే అత్యవసర చికిత్సలను గూర్చిన గ్రంథమున, చలిజ్వరమునకు చింగ్‌హావ్ అను మొక్కను నీట నానవేసి, పిండి, ఆ రసమును త్రాగుమని వ్రాసెను. 1971లో తూ యూయూ యను శాస్త్రజ్ఞురాలు దానిని చదివి, కాఁచుటచే గుణము నశించుచున్నదేమో యని శంకించి, తక్కువ వేఁడిమియందు ఈథరుతో సారమును దీసెను. మలేరియా సోఁకిన యెలుకలకును కోఁతులకును అది గుణమిచ్చెను. మనుష్యుల కిచ్చుటకు ముందు ఆమె తానే సేవించి చూచెను. అదియే ఆర్టిమిసినిన్, 2015లో ఆమెకు నోబెల్ బహుమానము తెచ్చినది. ప్రాచీనగ్రంథము త్రోవ చూపెను. తీర్పు చెప్పినది పరీక్ష.

ప్రాణవ్యాయామముల కథ వేఱు. 1949 ప్రాంతమున లియూ గుయిజెన్ మున్నగువారు వీనిని మతాచారములనుండి విడదీసి, ‘చీగోంగ్’ అను పేర వైద్యాలయములలో ప్రవేశపెట్టిరి. 1978లో షాంఘైనగరపు అణుపరిశోధనాలయమున గూ హాన్‌సెన్ మొదలగువారు, గురువు చేతినుండి వెలువడు చీని యంత్రముతో గుర్తించితిమని ప్రకటించిరి. ఆ యంత్రము చూపినది పరారుణ కిరణములను. వెచ్చని దేహము ప్రతిదియు నట్టి కిరణములను వెదజల్లును గదా! 1988లో అమెరికానుండి వచ్చిన విమర్శకులు ఒక గురువును, ఆయన శక్తిచే మెలికలు తిరుగు రోగిని వేర్వేఱు గదులలో నుంచిరి. గురువు చీని పంపు వేళలు రోగికి తెలియనీయలేదు. అపుడు పంపుటకును కదలికకును పొంతన కానరాలేదు. రోగి మోసగాఁడు కానక్కఱలేదు. నమ్మకమే దేహమును కదలింపఁగలదు.

ఐనను వ్యాయామమును గురువుగారి మహిమతో పాటు పాఱవేయరాదు. దావో భావములతో పెనవైచికొన్న తాయ్‌జీ యను మందగతి వ్యాయామమును, పార్కిన్సను వ్యాధిగల 195 మందిపై అమెరికాలో పరీక్షించి 2012లో ఫలితములు ప్రకటించిరి. ఆఱుమాసములు వారమునకు రెండు పర్యాయములు అభ్యసించినవారికి నిలుకడ హెచ్చెను; కేవలము అవయవములను సాగఁదీయు వ్యాయామము చేసినవారికంటె వారు తక్కువ పర్యాయములు పడిరి. దీనికి చీ యను శక్తిని ఊహింపనక్కఱలేదు. కండరములు, నాడులు, అవధానము చాలును.

ఈ చరిత్రలో మూఁడు వస్తువులు కలిసియున్నవి: ఓషధి, అభ్యాసము, సిద్ధాంతము. ఓషధి పరీక్షకు నిలిచెను. అభ్యాసము కొంతవఱకు నిలిచెను. దూరమునుండి రోగము మాన్పు శక్తి నిలువలేదు. మన యింటి చికిత్సలను, యోగములను, మంత్రములను గూడ ఇట్లే విడదీసి చూడవలెను. మెల్లని యూపిరియు మితమైన వ్యాయామమును మేలే; కాని జ్వరపీడితుఁడగు బిడ్డను వైద్యునికడకు గొనిపోక, చేతిచూపుతో శక్తి నిత్తునను వానియొద్ద కూర్చుండఁబెట్టుట ప్రాచీనులయెడ భక్తి కాదు. పూర్వుల మాటను తన దేహముపైనే పరీక్షించి చూచిన తూ యూయూ చేసినదే నిజమైన భక్తి.