జనగణమనలో మాయమైన గీత

ఆగస్టు 15కి మా గంగవరంలో పిల్లలకి కీబోర్డు మీద జనగణమన నేర్పిద్దామని, స్టాఫ్ నొటేషన్ టైప్ చేసి, ఒక పేజీలో పట్టేలా బాగా చిన్నది చేసి వాట్సాప్‌లో పంపినా. ఒక పిల్లోడు మొత్తం తప్పు వాయించినాడు. వాడి ఫోన్ తీసుకుని చూస్తే 5 గీతల్లో 4 మాత్రమే ఉన్నాయి! కింది గీత ఎగిరిపోయింది. అందుకే రెండో గీత మీదుండే 'ప' వాడికి మొదటి గీత మీది 'గ' అయిపోయింది. పాపం, వాడి తప్పేముంది?

ఇంకో విషయం. ఈ పాట నొటేషన్ కథ మన పక్కనే ఉంది. ఇక్కడినుంచి పుంగనూరు మీదుగా పోతే మదనపల్లె. 1919 ఫిబ్రవరిలో టాగోర్ అక్కడి థియసాఫికల్ కాలేజీకి వచ్చినారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్, ఐర్లాండ్‌లో మ్యూజిక్ డిగ్రీ చేసినావిడ. పాటకి ఇంగ్లీషు అనువాదం టాగోర్ అక్కడే రాస్తే, నొటేషన్ రాసింది ఆవిడే. మన కర్ణాటక సంగీతంలో అయితే సరిగమలు అక్షరాల్లోనే రాసుకుంటాం, ఈ 5 గీతల గొడవే లేదు.

మరి పాతకాలం ప్రింటింగ్‌లో ఏం చేసేవాళ్లు? యూరప్‌లో మెత్తటి లోహపు రేకు మీద 5 పళ్లున్న పనిముట్టుతో గీతలు ఒకేసారి గీసేవాళ్లు. సైజు మారితే పనిముట్టే మార్చేవాళ్లు. అంటే చిన్న సైజుకి గీత ఎంత మందం ఉండాలో చూసుకునేది మనిషి. కంప్యూటర్ వచ్చాక మనలాంటి ఇంజనీర్లు ఏం చేస్తారు? అన్నిటినీ ఒకే నంబరుతో గుణించేస్తారు. స్టాఫ్ సగమైతే గీత కూడా సగం. ఒక పిక్సెల్ కంటే సన్నబడితే లేత బూడిద రంగైపోతుంది, లేదా పూర్తిగా పోతుంది. అలాగని మందం అస్సలు తగ్గించకపోతే గీతల మధ్య ఖాళీ ఇరుకైపోయి పేజీ నల్లగా కనిపిస్తుంది.

1996లో మొదలైన లిలీపాండ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోడ్‌లో దీనికి మధ్యేమార్గం ఉంది. స్టాఫ్ ఎత్తు 20 పాయింట్లుంటే గీత 0.5 పాయింట్. స్టాఫ్‌ని 10కి తగ్గిస్తే గీత 0.25 కాదు, దాదాపు 0.41! నోట్ల ఫాంటు కూడా 8 సైజులకి విడివిడిగా గీసినారు, చిన్నవి కాస్త బొద్దుగా ఉంటాయి. ఈ లెక్క చూసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది.

నేను వాడిన యాప్‌లో ఇలాంటిదేమీ లేదు. సెట్టింగుల్లోకి పోయి గీత మందం చేత్తోనే పెంచి, మళ్లీ పంపినా. ఈసారి ఆ పిల్లోడి ఫోన్‌లో 5 గీతలూ కనిపించినాయి.