తాపా: గ్లాసు మీది మూత

స్పానిష్‌లో ‘తాపా’ అంటే మూత. ‘తాపార్’ అంటే కప్పడం. మరి వైన్ గ్లాసు వెంట చిన్న పళ్లెంలో వచ్చే చిరుతిండికి ఆ పేరెలా అంటుకుంది?

దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాలో ఓ కథ చెబుతారు. రాజు 13వ అల్ఫోన్సో కాదిజ్ తీరంలో ఒక సత్రం దగ్గర ఆగి షెర్రీ వైన్ అడిగాడట. గాలికి ఇసుక పడకుండా వడ్డించేవాడు గ్లాసు మీద హ్యామ్ ముక్క కప్పాడట. రాజు ముక్క తిని, షెర్రీ తాగి, మూతతో సహా ఇంకొకటి తెమ్మన్నాడట. కొందరు ఈ ఘనతను 13వ శతాబ్దపు పదో అల్ఫోన్సోకు కట్టబెడతారు. రాజు లేకపోతే తిండి కథకు రుచి రాదు కాబోలు! ఈగలు వాలకుండా రొట్టెముక్క మూతపెట్టారన్న మామూలు కథే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది.

ఈ మాటకు పిల్ల ‘తాపేయో’. స్నేహితులంతా ఒక బార్‌లో ఓ గ్లాసు, ఓ పళ్లెం ముగించి, కబుర్లాడుకుంటూ మరో బార్‌కు నడవడమన్నమాట. గ్రనాడాలోనైతే చాలాచోట్ల పానీయం కొంటే తాపా ఉచితం.

ఉత్తరాన సాన్ సెబాస్టియన్‌కు వెళ్తే మాటే మారిపోతుంది. అక్కడ ‘పించో’, గుచ్చడం అనే అర్థమున్న ‘పించార్’ నుంచి వచ్చింది. ఆలివ్, ఆంకోవీ చేప, ఊరవేసిన మిరపకాయ పుల్లకు గుచ్చితే ‘హిల్దా’. అది 1946లో రీటా హేవర్త్ నటించిన ‘గిల్డా’ సినిమా పేరే, స్పానిష్ ఉచ్చారణలో.