బొగ్గు తీసిన నేలకు మళ్లీ అడవి

విశాఖపట్నం: ఉక్కునగరానికి బొగ్గు ఓడల్లో, గూడ్సు రైళ్లలో చేరుతుంది. దానిని తవ్విన నేల ఏమవుతుందో ఇక్కడివారికి కనిపించదు. తెలుగునాట అది తెలిసేది తెలంగాణలోని సింగరేణి ప్రాంతంలో. 1871లో ఇల్లెందు సమీపాన అక్కడ బొగ్గు నిక్షేపాలు బయటపడ్డాయి.

ఉపరితల గనుల్లో బొగ్గుపై ఉన్న మట్టిని, రాతిని తొలగించి గుట్టలుగా పోస్తారు. వాటిలో సారం ఉండదు, నీరు నిలవదు, వర్షానికి వాలు కోసుకుపోతుంది. అందువల్ల తవ్వకానికి ముందే పైమట్టిని వేరుగా భద్రపరచాలి. స్థానిక మొక్కల విత్తనాలు, సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. ఏళ్ల తరబడి కుప్పగా ఉంచితే అవి నశిస్తాయి.

గుట్టను మెట్లుగా మలచి, పైమట్టి పరచి, తొలుత గడ్డిని, నత్రజనిని స్థిరీకరించే మొక్కలను పెంచాలి. అనంతరం ఇప్ప, నల్లమద్ది, నేరేడు, కానుగ, వెదురు వంటివి నాటాలి. నీలగిరి, సుబాబుల్ త్వరగా పెరిగి పచ్చదనం చూపుతాయి. అయితే ఒకే జాతి తోట అడవి కాజాలదు. ఇప్పపూవు, తునికాకు ఏరుకుని బతికే గిరిజనులకు కోల్పోయిన ఆధారం దానితో తిరిగి రాదు.

తవ్వకం ముగిసిన నేలలో లీజుదారులు గడ్డి పెంచి, పశుగ్రాసానికి, వృక్ష, జంతుజాలానికి అనువుగా పునరుద్ధరించాలన్న షరతును గనుల లీజుల్లో చేర్చాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న కేంద్రాన్ని ఆదేశించింది. ఇది బొగ్గుకే పరిమితం కాదు. విశాఖ ఉక్కుకు ముడిసరుకు అందించిన జగ్గయ్యపేట సున్నపురాయి, మాదారం డోలమైట్ గనుల వంటి చోట్లా నేలకు ఇదే చికిత్స అవసరం. ఎన్ని మొక్కలు నాటారన్నది కాదు, ఎన్ని స్థానిక జాతులు నిలిచాయన్నదే పునరుద్ధరణకు కొలమానం.