అల్మరాల మీద మోపిన నింద

అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రంలో బార్ట్‌ల్స్‌విల్ ఓ చమురు పట్నం. ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీ కేంద్ర కార్యాలయం అప్పట్లో అక్కడే ఉండేది. ఊరి మంచీ చెడూ ఆ కంపెనీతోనే ముడిపడి ఉండేవి. 1919లో రూత్ బ్రౌన్ ఆ ఊరి పబ్లిక్ లైబ్రరీ తాళాలు అందుకుంది. అప్పటికామెకు 28 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. దిక్కులేని ఇద్దరు ఆడపిల్లలను చేరదీసి పెంచింది. ముప్పై ఏళ్లు గడిచాయి. ఆమె చేతి మీదుగా కథల పుస్తకాలు తీసుకెళ్లిన పిల్లలు పెద్దవాళ్లై, తమ పిల్లల చేయి పట్టుకుని అదే గడప తొక్కారు. అందరికీ ఆమె మిస్ బ్రౌనే.

ఊరు రెండుగా చీలి బతికే కాలమది. తెల్లవాళ్ల బడి వేరు, నల్లవాళ్ల బడి వేరు. హోటలు బల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1946లో కొంతమంది మిత్రులతో కలిసి ఆమె జాతి సమానత్వం కోసం ఓ సంఘం పెట్టింది. పిల్లల కథా కాలక్షేపానికి నల్లపిల్లలనూ పిలుద్దామంది. లైబ్రరీ బోర్డు వద్దంది. సరేనని ఊరుకుందే గానీ, ఆ మాట మనసులోంచి పోలేదు.

1950 ఫిబ్రవరిలో ఆమె ఇద్దరు నల్లజాతి టీచరమ్మలను వెంటబెట్టుకుని బజారులో ఓ మందుల షాపుకు వెళ్లింది. అక్కడి మందుల షాపుల్లో కూర్చుని తినడానికి కౌంటరు ఉండేది. ముగ్గురూ కూర్చున్నారు. వడ్డించమన్నారు. వడ్డించలేదు.

జరిగిందల్లా అంతే. మనకు తెలియని సంగతా ఇది! పక్కన కూర్చుని తినడమే నేరమైన ఊళ్లు మనకూ ఉన్నాయి, రెండు గ్లాసులు పెట్టిన టీ కొట్లూ ఉన్నాయి.

అయితే భోజనానికి వెళ్లిందని ఉద్యోగం పీకేస్తే బాగుండదు గదా. ఆ నెలలోనే సెనేటర్ మెకార్తీ, ప్రభుత్వంలో కమ్యూనిస్టులు దూరారంటూ దేశమంతా కేక పెట్టాడు. బార్ట్‌ల్స్‌విల్ పెద్దలకు దారి దొరికింది. ఓ పౌరుల బృందం నగర కమిషన్ ముందుకొచ్చి, లైబ్రరీలో దేశద్రోహ సాహిత్యం ఉందంది. వాళ్లు చూపించినవి ది నేషన్, ది న్యూ రిపబ్లిక్, సోవియట్ రష్యా టుడే లాంటి పత్రికలు. వాటిలో ది నేషన్‌కు ఇది కొత్త కాదు. క్యాథలిక్ చర్చిని విమర్శించే వ్యాసాలు వేసిందని 1948లోనే న్యూయార్క్ నగరంలో బడుల లైబ్రరీల నుంచి దాన్ని తీసేశారు.

పుస్తకం మీద ఫిర్యాదు రావడం లైబ్రరీకి అరిష్టమేమీ కాదు. ఇవాళ అక్కడి చాలా లైబ్రరీల్లో దానికో పద్ధతి ఉంది. అభ్యంతరం ఉన్నవాళ్లు కాగితం మీద రాసివ్వాలి. పుస్తకం మొత్తం చదివారా, ఎక్కడ తప్పనిపించింది అని ఆ ఫారంలోనే అడుగుతారు. ఓ కమిటీ చదివి తేలుస్తుంది. తేలేదాకా పుస్తకం అల్మరాలోనే ఉంటుంది. అంతా నిదానం మీద నడిచే పని. కోపం చల్లారడానికి ఆ నిదానమే మందు.

బార్ట్‌ల్స్‌విల్ బోర్డు కూడా నిదానంగానే కదిలింది. విచారించి, దేశద్రోహ బోధన ఏదీ కనబడలేదని చెప్పింది. ఒకప్పుడు కథా కాలక్షేపానికి అడ్డుపడ్డ బోర్డే ఇది! ఆ మాట కమిషన్‌కు రుచించలేదు. ఆర్డినెన్స్ తెచ్చి లైబ్రరీని తన గుప్పిట్లోకి తీసుకుంది, పాత బోర్డును సాగనంపి కొత్తవాళ్లను కూర్చోబెట్టింది. తీర్పు నచ్చకపోతే న్యాయమూర్తినే మార్చేశారన్నమాట.

జూన్‌లో కొరియా యుద్ధం మొదలై, కమ్యూనిస్టులంటే అనుమానం ఇంకా ముదిరింది. జూలై 25న కమిషన్ ఆమెను పిలిపించింది. పత్రికల గురించి అడిగితే జవాబు చెప్పింది. సొంత జీవితం మీదికి ప్రశ్నలు మళ్లేసరికి, అవి రాతపూర్వకంగా ఇవ్వండి, జవాబూ అలాగే ఇస్తానంది. ఆ రోజే ఉద్యోగం తీసేశారు. మిత్రులు కోర్టుకెక్కి ఓడిపోయారు.

అరవైకి దగ్గరపడ్డ మనిషి ఊరు విడిచింది. మిసిసిపీలో నల్లజాతి పిల్లలు చదివే పైనీ వుడ్స్ బడిలో పాఠాలు చెప్పింది. తర్వాత కొలరాడోలోని స్టెర్లింగ్‌లో మళ్లీ ఓ లైబ్రరీలో కుదురుకుంది. 1975లో కన్నుమూసింది.

ఆమె బతికుండగానే, 1956లో, ఈ ఉదంతం ప్రేరణతో స్టార్మ్ సెంటర్ అనే సినిమా వచ్చింది. అందులో లైబ్రేరియన్ పాత్ర బెట్టీ డేవిస్‌ది. ఒక కమ్యూనిస్టు పుస్తకం, దాని మీద గొడవ, చివరికి తగలబడే లైబ్రరీ, అన్నీ ఉన్నాయి. నల్లజాతి టీచరమ్మలు లేరు, వడ్డించని కౌంటరూ లేదు. ఊరి పెద్దలు అల్మరాల మీద మోపిన నిందనే సినిమావాళ్లూ కథగా తీసుకున్నారు.

2007లో బార్ట్‌ల్స్‌విల్ లైబ్రరీలో ఆమె కంచు విగ్రహం పెట్టారు. ఆమె పోయి అప్పటికి 32 ఏళ్లు.